పేరు తెగిన కత్తి: ఒక జానపద నవల రూపు కట్టిన తీరు

జపాను కత్తుల గాథల ఆధారంగా తెలుగులో ఒక జానపద నవల రాయాలని సంకల్పించినప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా లాగినది ఆ కత్తుల ఆయుర్దాయం. మన జానపద కథల్లో కత్తి కథానాయకుడి వెంట వస్తుంది. ఏ మునీశ్వరుడో, వనదేవతో దానిని ప్రసాదిస్తారు, మాంత్రికుడి తల తెగిపడుతుంది, రాకుమారితో పెళ్ళి జరుగుతుంది, ఆ తరవాత ఆ కత్తి ఏమైందో రచయితా చెప్పడు, పాఠకుడూ అడగడు. జపాను గాథల్లో వీరుడు మధ్యలోనే పోతాడు, కత్తి మాత్రం మిగిలి మరొక చేతికి, మరొక వంశానికి, మరొక గుడికి చేరుతూ ఉంటుంది. అంతటి దీర్ఘాయువు ఉన్న వస్తువును మధ్యలో పెట్టి నవల కడితే మనుషులు దాని చుట్టూ వచ్చిపోయే అతిథులవుతారు కదా అన్నదే నా తొలి ఊహ. ఆ ఊహ నవలగా ఎలా మారిందో, ఏవి నిలిచి ఏవి రాలిపోయాయో ఇక్కడ రాస్తున్నాను.

సహజంగానే కుసనాగితో మొదలుపెట్టాను. 712లో సంకలనమైన కొజికి, 720లో పూర్తయిన నిహోన్ షోకి అనే రెండు ప్రాచీన గ్రంథాలలో ఈ కత్తి పుట్టుక ఉంది. స్వర్గం నుంచి బహిష్కృతుడైన సుసనో అనే దేవుడు ఇజుమో ప్రాంతంలో దిగి, ఎనిమిది తలలు, ఎనిమిది తోకలు గల మహాసర్పానికి మద్యం తాగించి, నిద్రలో ఉండగా దానిని ముక్కలుగా నరుకుతాడు. ఒక తోక దగ్గర అతని కత్తి వాదర విరుగుతుంది. ఎందుకా అని చీల్చి చూస్తే లోపల మరొక కత్తి ఉంటుంది. దేవుడి కత్తి కూడా ఇంకో కత్తికి తగిలి విరిగిందన్న ఆ చిన్న వివరం దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. తరవాత యమాతో తకేరు అనే రాకుమారుడిని శత్రువులు గడ్డిమైదానంలోకి రప్పించి నిప్పు పెడితే, అతడు ఆ కత్తితోనే చుట్టూ గడ్డి కోసి ప్రాణం దక్కించుకుంటాడు. అక్కడి నుంచే దానికి గడ్డికోత కత్తి అన్న అర్థంలో కుసనాగి అనే పేరు నిలిచిందంటారు. నగోయాలోని అట్సుటా ఆలయంలో అది ఉందని నమ్మకం. 1185లో దాన్‌నోఉరా నౌకాయుద్ధంలో ఓడిపోయిన తైరా వంశంవారు సముద్రంలో దూకినప్పుడు, బాలచక్రవర్తి అంతోకుతో పాటు కత్తి కూడా మునిగిపోయిందని, మునిగినది నకలేనని, అసలుది ఆలయంలోనే భద్రంగా ఉందని రకరకాలుగా చెబుతారు. 2019లో నరుహితో చక్రవర్తి సింహాసనం అధిష్ఠించినప్పుడు కూడా కత్తి ఉన్న పెట్టె కనబడింది గాని కత్తి కనబడలేదు. ఎవరూ చూడని కత్తి కథకుడికి వరమే అయినా, దానినే నవలలో పెట్టుకోవాలంటే నాకు మనసొప్పలేదు. అది ఈనాటికీ పూజలందుకుంటున్న వస్తువు; మన ఊళ్ళో ఏ అమ్మవారి విగ్రహాన్నో పరాయి దేశపు రచయిత తన మాంత్రికుడి చేతిలో పెడితే మనకెలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది.

తరవాత అందరూ వెళ్ళే చోటికే నేనూ వెళ్ళాను, అంటే మురమాస అనే కమ్మరి దగ్గరకు. ఇసె ప్రాంతంలోని కువానాలో పని చేసిన ఈ కమ్మరి వంశపు ఉక్కు జపానును ఏలిన తొకుగావ వంశానికి అచ్చిరాదని, వారి పాలన సాగిన ఎడో కాలంలో ప్రబలమైన నమ్మకం ఉండేది. ఆ పాలనకు ఆద్యుడైన ఇయెయసు తాత కియోయసును 1535లో స్వంత సేవకుడే మురమాస కత్తితో చంపాడని చెబుతారు. నమ్మకం వెనక ఉన్న కారణం నాకు శాపం కంటే ఎక్కువ రుచించింది: తొకుగావవారి స్వస్థలమైన మికావా ఇసెకు దగ్గర, కత్తులు పదునైనవి, పనికొచ్చేవి, కాబట్టి మికావా యోధులలో చాలామంది నడుముకు అవే ఉండేవి; ఎవరు ఎవరిని పొడిచినా అది మురమాస అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే రక్తం తాగనిదే ఒరలోకి పోని కత్తి అనే ఊహ ఇప్పటికే అరిగిపోయింది. మసమునే అనే మరో కమ్మరి కత్తిని, మురమాస కత్తిని ఏటిలో నిలిపితే మురమాస కత్తి కొట్టుకొచ్చిన ఆకులన్నిటినీ కోసిందని, మసమునే కత్తి దగ్గరకు వచ్చిన ఆకులు తాకకుండా పక్కకు తప్పుకుపోయాయని చెప్పే ప్రసిద్ధమైన కథ కూడా అంతే. ఆ ఇద్దరు కమ్మరుల మధ్య సుమారు 200 ఏళ్ళ ఎడం ఉందన్న సంగతి అలా ఉంచి, మంచి కత్తి, చెడ్డ కత్తి అని తేల్చేసిన చోట నవలకు పని ఉండదు.

నాకు కావలసినది, తైరా, మినమోతో వంశాల పోరును చెప్పే హెయికె గాథ కొన్ని ప్రతులలో చేరి వచ్చే కత్తుల అధ్యాయంలో దొరికింది. మినమోతో వంశంవారి రెండు కత్తుల చరిత్ర అది. ఖైదీల మీద పరీక్షించినప్పుడు ఒకటి మెడతో పాటు గడ్డాన్ని కూడా తెగగోసిందని హిగెకిరి అన్నారు, రెండోది మోకాళ్ళ దాకా దిగిందని హిజమారు అన్నారు. ఆ తరవాత వారి కొలువులోని యోధుడు వతనబె నో త్సునా ఒక రాక్షసి చేతిని హిగెకిరితో నరికితే దాని పేరు రాక్షసుడి పేరు మీదకు మారింది. హిజమారు ఒక పెద్ద సాలీడు భూతాన్ని నరికితే అది సాలీటికోత కత్తి అయింది. మరొక తరంలో రాత్రిపూట అవి అరిచాయని మళ్ళీ పేర్లు మారాయి. రెండింటిలో ఒకదాన్ని అల్లుడికి ఇచ్చివేసిన వంశపెద్ద తమెయోషి, మిగిలినది ఒంటరిదైపోయిందని, దానికి జోడీగా కాస్త పొడవైన మరో కత్తి చేయించాడట. పక్కపక్కనే నిలబెట్టిన ఆ రెండూ ఎవరూ తాకకుండానే పడిపోయి, తీసి చూసేసరికి కొత్త కత్తి పొడవు పాతదానికి సమానమై ఉంది. తోటివాడిని కోసిన కత్తి అన్న పేరు పాతదానికి అప్పుడు వచ్చింది. యుద్ధంలో ఓడి దిక్కుతోచక ఉన్న తమెయోషి కొడుకు యోషితోమోకు చివరకు హచిమాన్ దేవుడు ఏమి చెబుతాడంటే, పేర్లు మార్చి మార్చి కత్తి శక్తిని మీరే పలచన చేశారని, తొలి పేరు తిరిగి పెట్టమని.

ఇది చదివిన రోజు నాకు నవల కనిపించింది. చేసిన ప్రతి పనికీ ఒక పేరు తగిలించుకుంటూ, ప్రతి పేరుతో కొంత బలహీనమవుతూ పోయే కత్తి. అయితే జానపద నవలలో మహిమకు కట్టుబాటు ఉండాలి. ఎప్పుడు పడితే అప్పుడు ఏది పడితే అది జరిగితే పాఠకుడు రెండో అధ్యాయంలోనే పుస్తకం మూస్తాడు. ఆ కట్టుబాటును గాథల్లో కాక, కత్తుల పనితనంలో వెతకాలని నిర్ణయించుకున్నాను, అక్కడే నా అదృష్టం పండింది.

జపాను కత్తికి కమ్మరి తన పేరును పిడిలో దాగి ఉండే తోక భాగం మీద చెక్కుతాడు. తక్కిన కత్తి అద్దంలా మెరుస్తున్నా ఆ తోకకు పట్టిన తుప్పును మాత్రం ఎవరూ తుడవరు, ఎందుకంటే ఆ తుప్పు రంగును బట్టి కత్తి వయసు అంచనా వేస్తారు. గుర్రం మీద నుంచి పోరాడే కాలంలో చేసిన పొడవాటి కత్తులను తరవాతి శతాబ్దాలలో నేల మీద పోరుకు అనువుగా కుదించారు. కుదించడం అంటే మొనను కాదు, తోకవైపు కోసివేయడం. అలా కోసినప్పుడు కమ్మరి పేరు కూడా తెగి పడిపోయేది. అందుకే గొప్ప గొప్ప కత్తులు చాలా వాటికి ఈనాడు సంతకం లేదు. అలాంటి అనామక కత్తిని చూసి ఇది ఫలానా వారి పని అని తేల్చే అధికారం హోనామీ వంశానిది. వారు పత్రం రాసి ఇచ్చేవారు, ఒక్కొక్కప్పుడు తోక మీద బంగారంతో పేరు పొదిగించేవారు. 1719లో షోగున్, అంటే సైనిక పాలకుడు, యోషిమునె ఆజ్ఞ మేరకు దేశంలోని ప్రఖ్యాత కత్తుల జాబితా తయారుచేసినదీ వారే. పేరు కోల్పోయిన వస్తువుకు పేరు పెట్టే అధికారం ఒకే కుటుంబం చేతిలో ఉండటం కంటే మంచి ప్రతినాయకత్వం నేను కల్పించగలిగేవాడిని కాను.

ఇక మిగిలినది సాన. పట్టిన ప్రతిసారీ కత్తి మీది ఉక్కు కాస్త పోతుంది. గట్టి ఉక్కు తొడుగు లోపల మెత్తని ఉక్కు గుండెలా ఉంచి చేసిన కత్తులలో, తరతరాలుగా సానపట్టగా పట్టగా తొడుగు అరిగి ఒకచోట లోపలి మెత్తని ఉక్కు మచ్చలా బయటపడుతుంది. అలాంటి కత్తిని అలసిపోయినది అంటారు. సానపట్టేవారు ముతక రాళ్ళతో మొదలుపెట్టి, చివరకు గోరంత పలుచని రాతిపెచ్చును బొటనవేలి కింద పెట్టుకుని ఆ వేలితోనే రుద్దుతారు. వారాల తరబడి ఒక కత్తి మీద వంగి కూర్చునే ఆ మనిషికి దానిలోని ప్రతి గీత తెలుస్తుంది, అదే సమయంలో దాని ఆయుష్షును తగ్గిస్తున్నదీ ఆ మనిషే. నా నవల కట్టుబాటు ఇక్కడే స్థిరపడింది: కత్తి చేసిన పనులు దాని మీది ఉక్కులో పొరలుగా నిలిచి ఉంటాయి, సాన పడితే పై పొర, దానితో పాటు ఒక పేరు, ఒక జ్ఞాపకం పోయి, కింది పొర బయటపడుతుంది. తోక తెగింది కనుక తొలి పేరు ఎవరికీ తెలియదు. అది తెలియాలంటే అన్ని పొరలూ అరగదీయాలి, అరగదీస్తే కత్తి మిగలదు.

ఈ దశలో నేను రాయడం ఆపి మా ఊరికి దగ్గరలో కొలిమి నడుపుతున్న ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. పుస్తకాల నుంచి నేను పోగుచేసుకున్నది సమాచారమే. దాగలి మీద సమ్మెట పడినప్పుడు పక్కవాడి మోకాలు ఎలా అదురుతుందో, తిత్తి ఆపగానే బొగ్గుల రంగు ఎంత త్వరగా మారుతుందో వాటిలో ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ పాక లోపల మసక చీకటిగానే ఉండేది. కిటికీ పెట్టించుకోరాదా బాబాయ్ అని అడిగితే ఆయన పట్టుకారుతో కొడవలిని తిప్పుతూ, “ఎండలో ఇనప రంగు తెలవదు బాబూ, చీకటుంటేనే ఎంత కాలిందో కనపడుద్ది” అన్నాడు. జపాను కమ్మరులు నీటిలో ముంచే పనిని రాత్రిపూట, దీపాలు ఆర్పి చేస్తారని నేను చదివి, అదేదో పూజావిధిలో భాగమనుకుంటూ వచ్చాను. పూజ సంగతి ఎలా ఉన్నా, అసలు అవసరం కంటిది. ఆయన కొడవలిని మొత్తంగా ముంచకుండా వాదర వైపు మాత్రమే నీటికి తాకించి, వెనక భాగం ఎర్రగా ఉండగానే బయటికి తీశాడు. వాదర గట్టిపడాలి, వెనక మెత్తగా ఉండాలి, లేకపోతే రాయి తగిలితే విరుగుతుంది. జపాను కమ్మరి అదే పనిని బంకమట్టితో సాధిస్తాడు: వెన్నుకు మందంగా, వాదరకు పలుచగా పూసి కాల్చి ముంచుతాడు, వాదర త్వరగా, వెన్ను నెమ్మదిగా చల్లారడం వల్ల కత్తికి ఆ వంపు వస్తుంది, వాదర వెంట తెల్లని అలగీత ఏర్పడుతుంది. ముంచే నీటి వేడి గురువుగారి రహస్యమని, దాన్ని తెలుసుకోవడానికి దొంగతనంగా తొట్టిలో చేయి పెట్టిన శిష్యుడి చేతిని ఆయన అక్కడికక్కడే నరికాడని ఒక కథ చెబుతారు. ఆ శిష్యుడు నా నవలలో ముసలివాడై ఉన్నాడు. ఒంటిచేతితో తిత్తి ఊదుతుంటాడు, నీటి వేడి ఎంతో ఇప్పటికీ ఎవరికీ చెప్పడు.

కథాస్థలం విషయంలో నాకు సందేహం లేదు. సర్పం చచ్చిన ఇజుమో కొండలలోనే, నేటి షిమానె జిల్లా ఒకుఇజుమోలో, ఇనుప ఇసుకను కరిగించి ఉక్కు తీసే తతారా కొలిమి ఉంది. జపాను కత్తుల పరిరక్షణ సంఘం 1977 నుంచి శీతాకాలాలలో దానిని నడుపుతోంది. మట్టితో కొలిమి కట్టి, మూడు పగళ్ళు, మూడు రాత్రులు నిద్ర లేకుండా సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు మార్చి మార్చి వేస్తే చివరకు రెండున్నర టన్నుల ఉక్కుముద్ద వస్తుంది, దానిలో కత్తికి పనికివచ్చేది ఒక టన్ను కూడా ఉండదు. ముద్దను బయటికి తీయాలంటే కొలిమిని పగలగొట్టాలి. ప్రతిసారీ కొత్తది కట్టాలి. ఆ పనివారి దేవత కనయగో. ఆమెకు ఆడవాళ్ళంటే గిట్టదని, శవమంటే అసహ్యం లేదని, కొలిమి సరిగా మండనప్పుడు స్తంభానికి శవాన్ని కట్టమని ఆజ్ఞాపించిందని అక్కడి గాథలు చెబుతాయి. ఇది చదువుతుంటే నాకు జమ్మిచెట్టు గుర్తుకు వచ్చింది. పాండవులు తమ ఆయుధాలను శవంలా మూటకట్టి కొమ్మకు వేలాడదీయడం మనవాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. ఈ రెండింటికీ చుట్టరికం అంటగట్టే పని నేను పెట్టుకోలేదు. అయినా ఇనుముకూ శవానికీ మధ్య భయపడవలసినదేదో ఉందన్న భావం తెలుగు పాఠకుడికి కొత్తగా వివరించనక్కరలేదన్న ధైర్యం కలిగింది. నవలలోని దేశం కల్పితమే. కొండలు, ఇసుక, మంచు ఇజుమోవి, దేవత నేను కల్పించినది, కనయగో పేరు ఎక్కడా రాదు.

ఇంతవరకూ నా కథానాయకుడు కత్తిని ధరించే ఒక యువ యోధుడే. పథకమంతా రాసి మా పెద్దక్కకు చదవడానికి ఇచ్చాను. ఆమె బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, పొగడ్తలు ఆమె దగ్గర దొరకవు. కాగితాలు బల్ల మీద పెట్టి, “ఒరే, పొర అరిగితే జ్ఞాపకం పోతుందన్నావు, బాగుంది. పోయి ఎక్కడికి పోతుందిరా? రాయి పట్టుకున్న వేళ్ళకు ఏమీ అంటదా?” అని అడిగింది. సమాధానం నా దగ్గర లేదు గాని, ప్రశ్నలోనే ఉంది. ఆ సాయంత్రమే యోధుడు పక్కకు తప్పుకున్నాడు, సానపట్టే పిల్ల ముందుకు వచ్చింది. కొలిమి యజమాని కూతురు ఆమె. దేవత ఆడవాళ్ళను ఒప్పుకోదు కనుక కొలిమి దగ్గరకు రానివ్వరు, చల్లబడిన ఉక్కు దగ్గర మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె అరగదీసిన ప్రతి పొరలోని జ్ఞాపకం బొటనవేలి గుండా ఆమెలోకి దిగుతుంది. యుద్ధానికి ఎన్నడూ పోని పిల్లకు నలుగురైదుగురు హంతకుల గతం గుర్తుంటుంది. మధ్యలో ఎవరి కోపం తనది, ఎవరి కోపం కత్తిది అన్నది ఆమెకు తేడా తెలియకుండా పోతుంది. రెండో భాగం మొత్తం దాని మీదే నడుస్తుంది.

భాష గురించి కొంత తర్జనభర్జన జరిగింది. జపాను పారిభాషిక పదాలను వరసగా పేర్చితే పాండిత్యం కనబడుతుంది, కథ ఆగిపోతుంది. అందుకని కొలిమి, తిత్తి, దాగలి, సాన, ఒర, వాదర వంటి మన మాటలతోనే నడిపాను. మన దగ్గర లేని వస్తువును రెండు ముక్కల్లో వర్ణించి ముందుకు పోయాను. మర్యాద విషయంలో తెలుగు నాకు బాగా సాయపడింది. జపాను సమాజంలోని హెచ్చుతగ్గులను చూపడానికి నువ్వు, మీరు, తమరు అన్న మెట్లు ఎప్పటి నుంచో మనకున్నాయి. కత్తికి పేరుపెట్టే వంశపు పెద్ద ఆ పిల్లను మొదట ఏకవచనంతో పిలిచి, ఆమె వేళ్ళకు తెలిసినది తన పత్రాలలో లేదని గ్రహించిన రోజున మీరు అని సంబోధించడం మొదలుపెడతాడు. ఆ మార్పుకు వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

ముగింపు దగ్గర మూడు దారులు కనబడ్డాయి, మూడూ చరిత్రలో జరిగినవే. సముద్రంలో మునగడం ఒకటి, ఎవరూ తెరవని పెట్టెలో ఉండిపోవడం ఒకటి. మూడోది తొకుగావవారి ఇంట ఉండిన హోంజో మసమునే అనే కత్తికి పట్టిన గతి: 1939లో జాతీయ సంపదగా ప్రకటించిన ఆ కత్తిని, యుద్ధంలో ఓడిన తరవాత 1945 డిసెంబరులో తోక్యోలోని మెజిరో పోలీసు ఠాణాలో అప్పగించారు, తరవాత దాని జాడ తెలియలేదు. మూడింటిలోనూ కత్తి ఒక రహస్యంగా మిగిలిపోతుంది. అంటే మళ్ళీ ఎవరో ఒకరు దానికి పేరు పెట్టడానికి వస్తారు. నాకు అది ఇష్టం లేదు. నాలుగో దారి అప్పటి జపాను పాలకుడు హిదెయోషి 1588 నాటి శాసనంలో దొరికింది. రైతుల దగ్గరి కత్తులన్నీ జప్తు చేస్తూ, ఆ ఇనుమును క్యోతోలో కట్టబోయే మహాబుద్ధుడికి మేకులుగా, బందులుగా వాడతామని, దానివల్ల ఇచ్చినవారికి ఇహపరాలు రెండూ దక్కుతాయని అందులో ఉంది. అసలు ఉద్దేశం రైతుల తిరుగుబాటును ముందే అణచడమని ఎవరికైనా అర్థమవుతుంది. నా నవలలో ఆ పిల్ల లోపలి మెత్తని ఉక్కు బయటపడిన కత్తిని, తొలి పేరు ఇంకొక్క పొర దూరంలో ఉండగా, సాన ఆపి మేకుల కుప్పలో వేయిస్తుంది. మేకుకు సంతకం ఉండదు.

ఇప్పుడు నేను రాస్తున్నది పేర్లు పెట్టే వంశపు పెద్ద ఒంటరిగా మాట్లాడే అధ్యాయం. పథకంలో అతడు అధికారదాహం గల మనిషి మాత్రమే. రాస్తూ ఉండగా, పేరు లేని మంచి వస్తువు చిత్తు ఇనుములో కలిసిపోతుందన్న భయం అతడి మాటల్లోకి వచ్చింది, అది అబద్ధపు భయమూ కాదు. అతడి వాదన ఆ పిల్ల నిర్ణయానికి సమానంగా బరువు తూగాలి. అందుకోసం కత్తి తోక మీద అతడు బంగారంతో పొదిగించబోయే పేరు ఏమిటన్నది తేల్చుకోవలసి ఉంది, ప్రస్తుతానికి ఆ చోటు ఖాళీగా వదిలి ముందుకు రాస్తున్నాను.